క్రిప్టో యాప్: కొనడం సులువే, లెక్కంతా అమ్మేటప్పుడే

2021లో క్రిప్టో రేట్లు దూసుకెళ్లిన బుల్ రన్ నుంచి ఒక ఇండియన్ ఎక్స్‌ఛేంజ్ యాప్ వాడుతున్నాను. పేరెందుకులెండి, ఇక్కడ చెప్పేవి చాలావరకు మన దేశంలో ఏ యాప్‌కైనా వర్తిస్తాయి.

పాన్, ఆధార్‌తో కేవైసీ తొందరగానే అయిపోతుంది. రూపాయికి పైసల్లా ఒక బిట్‌కాయిన్‌లో 10 కోట్ల సతోషీలుంటాయి కాబట్టి కొద్ది డబ్బుతోనూ కొనొచ్చు, మొత్తం కాయిన్ కొనాలేమోనని భయం అక్కర్లేదు. కానీ హోమ్ స్క్రీన్‌లో మెరుస్తూ కనిపించే ‘ఇన్‌స్టంట్ బై’ జోలికి నేను పోను. అక్కడ కొనే రేటు, అమ్మే రేటు పక్కపక్కన పెట్టి వాటి మధ్య తేడా చూడండి, ఎందుకో మీకే తెలుస్తుంది. స్పాట్‌లోకి (యూజర్లు ఒకరితో ఒకరు కొని అమ్ముకునే సెక్షన్) వెళ్లి, మన రేటు మనమే చెప్పే లిమిట్ ఆర్డర్ పెడితే మనం అనుకున్న రేటుకే కొనొచ్చు, కాకపోతే ఆర్డర్ నిండేదాకా ఆగాలి. ఫీజు ఉంటుంది, దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా.

అసలు టెన్షన్ ట్యాక్స్‌తోనే. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం, పైన 4 శాతం సెస్. ఒక కాయిన్‌లో 10,000 లాభం, ఇంకోదాంట్లో 8,000 నష్టం వచ్చిందనుకోండి, చేతికి మిగిలింది రెండు వేలేగా అంటే కుదరదు, నష్టాన్ని పక్కన పెట్టేసి పూర్తి పది వేల మీద 3,120 కట్టాలి, అంటే లాభం వచ్చిందనుకున్న ఏడాదిలో జేబులోంచి 1,120 పోయినట్టే! ఆ నష్టాన్ని వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ లేదు. ఇది కాక 2022 జులై నుంచి అమ్మిన మొత్తం మీద (లాభం మీద కాదు) 1 శాతం టీడీఎస్, అంటే ముందే కోసేసుకునే ట్యాక్స్. లక్ష రూపాయలు పెట్టి, రేటు కదలకపోయినా పదిసార్లు కొని అమ్మితే, దాదాపు తొమ్మిదిన్నర వేలు టీడీఎస్‌గా వెళ్లిపోతాయి. రిటర్న్ వేస్తే ట్యాక్స్‌లో సర్దుబాటో రీఫండో అవుతుంది, నిజమే, కానీ అప్పటిదాకా ఆ డబ్బుతో ట్రేడ్ చేయలేరు. యూట్యూబ్‌లో డైలీ ట్రేడింగ్ నేర్పే మన తెలుగు వాళ్లలో ఈ లెక్క స్క్రీన్ మీద వేసి చూపించేవాళ్లు ఎంతమందో!

ఇంకోటి, విత్‌డ్రాయల్. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఇండియన్ ఎక్స్‌ఛేంజ్ నుంచి హ్యాకర్లు దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు ఎత్తుకుపోయాక యూజర్లు తమ కాయిన్లు బయటికి తీసుకోవడానికి ఏడాదికి పైగా ఆగాల్సి వచ్చింది. అందుకే ఎక్కువ డబ్బు వేసేముందు చిన్న మొత్తం మన సొంత వాలెట్‌కి (కాయిన్లు ఎక్స్‌ఛేంజ్ చేతిలో కాక మన చేతిలోనే ఉండే యాప్ లేదా డివైస్) పంపి చూడాలి, అసలు ఆ సదుపాయం ఉందా, ఫీజెంత, ఏ నెట్‌వర్క్ అని. నా యాప్‌లో కొన్ని కాయిన్లకు ఆ ఆప్షనే లేదు, వాటిని నేను కొనను. ఫీజు తగ్గుతుందని పీటూపీలో (నేరుగా ఇంకో మనిషికి అమ్మి, డబ్బు మన బ్యాంకు ఖాతాలో వేయించుకోవడం) తెలియనివాళ్లకు అమ్మడం మాత్రం వద్దు, వాళ్లు పంపింది మోసం డబ్బైతే సైబర్ క్రైమ్ కేసులో మీ బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అవ్వొచ్చు.

రేటింగ్ ఐదుకి మూడు. కస్టమర్ సపోర్ట్‌లో మనిషి దొరికితే మూడున్నర ఇచ్చేవాణ్ణి.