యూనిస్ విలియమ్స్: తిరిగి రావడం మేలా, ఉండిపోవడమే మేలా?

1704లో ఫ్రెంచివాళ్ళూ, వాళ్ళ వైపున్న అమెరికా మూలవాసులూ కలిసి మసాచుసెట్స్‌లోని డీర్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషువాళ్ళ ఊరి మీద పడి, యూనిస్ విలియమ్స్ అనే పిల్లను బందీగా పట్టుకుపోయారు. ఆమె అక్కడే ఉండిపోయింది. ఆ దాడి సంగతి ఎత్తినప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: "తండ్రి అంత బతిమాలినా ఆ పిల్ల ఎందుకు రాలేదు?" మొన్న మళ్ళీ అడిగారు. సరే, ఈసారి ఆ రెండు ఇళ్ళనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు పుట్టింటి వైపు. తండ్రి జాన్ విలియమ్స్ ఊరి ప్రొటెస్టెంట్ పాస్టర్. ఆయనా బందీ అయ్యి, 1706లో విడుదలై వచ్చాడు. ఆమెతో పాటు బందీలై బతికిన తోబుట్టువులందరూ వచ్చేశారు. అన్న స్టీఫెన్ హార్వర్డ్‌లో చదివి తనూ పాస్టర్ అయ్యాడు. బాగానే ఉంది కానీ అది మగపిల్లాడి లెక్క. ఆడపిల్లకి హార్వర్డ్ లేదు, పెళ్ళయ్యాక ఆస్తి మొగుడి చేతిలోకి పోతుంది.

ఇటు మాంట్రియల్ దగ్గరి కానావాకె, యూనిస్‌ని తీసుకెళ్ళిన ఊరు, కేథలిక్కులైన మొహాక్ అనే మూలవాసి తెగది. యుద్ధాల్లో, మశూచిలో పోయినవాళ్ళ స్థానంలో మొహాక్‌లు బందీలను దత్తత తీసుకునేవాళ్ళు. వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. ఇల్లు ఆడవాళ్ళది, మొక్కజొన్న చేలు ఆడవాళ్ళవి, అల్లుడే ఇల్లరికం వస్తాడు. దత్తతకొచ్చిన పిల్ల ఆ ఇంటి కూతురే, అందులో తేడా లేదు.

అలాగని వాళ్ళను దేవతల్ని చెయ్యను. 1704 ఫిబ్రవరి 29న ఆమె ఇద్దరు చిన్న తోబుట్టువులను చంపింది ఆ దాడికొచ్చినవాళ్ళే. బాలింత అయిన తల్లి దారిలో నది దాటుతూ నీరసించి పడిపోతే ఆమెనూ చంపేశారు. ఏడేళ్ళ యూనిస్‌ని మాత్రం మంచులో భుజాన మోసుకుపోయారు.

నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడే ఉంది. 1713లో జాన్ షైలర్ అనే ఇంగ్లీషు వైపు దూత ఆమెను ఒప్పించడానికి వెళ్ళాడు. అప్పటికే ఆమెకు అరోసెన్ అనే మొహాక్‌తో పెళ్ళయింది, అతను పక్కనే కూర్చున్నాడు. దాదాపు రెండు గంటలు దుబాసీలతో అడిగించినా ఆమె నోట వచ్చింది రెండే మాటలు, "కాకపోవచ్చు" అని. మనవాళ్ళు "చూద్దాంలే" అంటే అర్థం ఏమిటో మీకు తెలుసుగా, అదే. కారణం మొగుడు చెప్పాడు: తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకోకపోయి ఉంటే ఎప్పుడో చూడ్డానికి వెళ్ళేదట. చాలామంది దీన్ని సాకుగా తీసిపారేస్తారు. నాకు మాత్రం తల్లి వైపు నుంచి చుట్టరికం లెక్కించే ఊళ్ళో పెరిగిన పిల్ల మాట అనిపిస్తుంది. డీర్‌ఫీల్డ్‌లో ఉన్నది సవతి తల్లి. దత్తత తీసుకున్న తల్లి ఉన్న ఇల్లు కానావాకెలోదే.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. తర్వాతి కాలంలో బందీ అయిన జేమ్స్ స్మిత్ అనే ఇంకొకతన్ని 18 ఏళ్ళకు పట్టుకుని, జుట్టు పీకి, నదిలో కడిగి దత్తత తీసుకున్నారు. ఆప్యాయంగానే చూసుకున్నారు. అయినా నాలుగైదేళ్ళకు ఇంటికొచ్చేశాడు. ఏడేళ్ళ పిల్లకూ అతనికీ పోలికేమిటి?

మూడో దారి, ఫ్రెంచి కాన్వెంట్: అలాగే బందీ అయిన ఎస్తర్ వీల్‌రైట్ అనే ఇంకో ఇంగ్లీషు పిల్ల క్యుబెక్‌లో సన్యాసిని అయి మదర్ సుపీరియర్ దాకా ఎదిగింది. ఆ జీవితం కోరుకున్నవాళ్ళకు మంచిదే.

నన్నడిగితే యూనిస్ విషయంలో ఉండిపోవడమే మేలు. స్టీఫెన్ అలా అనుకోలేదు, చెల్లెలు కేథలిక్‌గా ఉండిపోయిందన్న బెంగ అతన్ని వదల్లేదు. 1740లో ఆల్బనీలో ఆమెను కలిశాడు, మధ్యలో దుబాసీలను పెట్టుకుని. ఆ తర్వాత ఆమె అన్నగారింటికి కొన్నిసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ తిరిగి వెళ్ళిపోయింది. 1785లో 89 ఏళ్ళకు పోయింది, కానావాకెలోనే.