అనంతపురం వంటింట్లో డ్రైఫ్రూట్స్ యాపిల్ పై: కొన్నేళ్లు చేశాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను. మన దగ్గర దొరికే యాపిళ్లతో పై (మైదా పొరల మధ్య పండ్లు పెట్టి కాల్చే వంటకం) చేయాలనుకుంటే ఎండుద్రాక్ష, ఖర్జూరం, అక్రోట్లు లేకుండా చేయకండి. రుచి సంగతి తర్వాత, అడుగు పొర నీరుగారకుండా కాపాడేది అవే. అనంతపురంలో, మామూలు ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్), ఎండాకాలం వానాకాలం అని చూడకుండా కొన్నేళ్లుగా చేస్తున్నాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది.

యాపిల్‌లో దాదాపు 85 శాతం నీళ్లే. నెట్‌లో కనిపించే కొలతలు చాలావరకు గ్రానీ స్మిత్ లాంటి పుల్లటి, గట్టి పచ్చకాయకు సరిపోయేవి. పాతూరు బండ్ల మీద మనకు దొరికేది ఎక్కువగా డెలిషియస్ రకం. జులై చివరి నుంచి సిమ్లా కాయ, సెప్టెంబరు దాటితే కశ్మీర్ కాయ, ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీ సరుకు. తినడానికి బాగుంటాయి కానీ పులుపు తక్కువ, వేడి తగిలితే తొందరగా గుజ్జయిపోతాయి. స్టోరేజీలో నెలల తరబడి ఉన్న కాయ అయితే కోస్తేనే పిండిపిండిగా ఉంటుంది, దాంతో పై చేయడం దండగ. సీజన్ మొదట్లో వచ్చే గట్టి సిమ్లా కాయకే నా ఓటు.

9 అంగుళాల పళ్లానికి కిలో యాపిళ్లు పడతాయి. చెక్కు తీసి అర సెంటీమీటరు మందాన కోసి, 100 గ్రాముల చక్కెర, ఒక నిమ్మకాయ రసం, అర టీస్పూను దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు కలపాలి. అందులోనే 60 గ్రాముల కిస్మిస్, అంతే తూకం గింజ తీసిన ఖర్జూరం, గుప్పెడు ఎండు ఆప్రికాట్లు, రెండు మూడు అంజూరాలు సన్నగా తరిగి వేసి అరగంట వదిలేయాలి. చక్కెర యాపిల్‌లోని నీటిని బయటికి లాగుతుంది, ఎండుపండ్లు ఆ నీటిని తాగి ఉబ్బుతాయి. అందుకే కిస్మిస్‌ని ముందుగా నానబెట్టమనే సలహాను నేను ఒప్పుకోను. అప్పటికే కడుపు నిండిన కిస్మిస్ ఇక ఏ రసాన్ని పీలుస్తుంది? అడుగున ఇంకా మిగిలిన రసాన్ని వంచి, పాకంలా చిక్కబడేదాకా మరిగించి, చల్లార్చి ముక్కల మీద పోయాలి. రెండు టేబుల్ స్పూన్ల మొక్కజొన్న పిండి (తెల్లటి కార్న్‌ఫ్లోర్) కూడా చల్లాలి.

ఎండుపండ్లలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆప్రికాట్. మన యాపిల్‌లో లేని పులుపు అది ఇస్తుంది, నిమ్మరసం ఒక్కటే ఆ పని చేయలేదు. ఖర్జూరం వేస్తే చక్కెర కొంచెం తగ్గించుకోవచ్చు. టూటీఫ్రూటీ మాత్రం వద్దు. అది పాకంలో ఊరిన పచ్చి బొప్పాయి ముక్కలు, కొత్తగా పీల్చేది ఏమీ ఉండదు, పైగా రంగు వదులుతుంది. బేకరీ దిల్‌పసంద్‌లో దాని అందం దానిది, ఇక్కడ దానికి పని లేదు. యాపిల్ పైలో ఎండుపండ్లు ఈ మధ్య వచ్చిన హంగు అనుకునేవాళ్లు ఉన్నారు. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లాండు రాజు రెండో రిచర్డ్ వంటశాల వాళ్లు కూర్చిన వంటల సంకలనంలోనే యాపిల్‌తో పాటు అంజూరం, ఎండుద్రాక్ష, పియర్, కుంకుమపువ్వు వేసిన పై ఉంది.

పప్పుల విషయానికొస్తే, ఏదైనా సరే ముందు దోరగా వేయించాలి. పచ్చివి వేస్తే పండ్ల మధ్య ఉడికిపోతాయి. జీడిపప్పు వేయించినా చివరికి మెత్తబడుతుంది, బాదం తరుగు కరకర నిలుపుకుంటుంది. అక్రోటు పొట్టులోని ఆ కొద్దిపాటి చేదు తియ్యటి యాపిల్‌కి ఎంత బాగా నప్పుతుందో తిని చూడాల్సిందే. మన ఎండలకు అక్రోట్లు తొందరగా సిక్కు వాసన పడతాయి, ఫ్రిజ్‌లోనే ఉంచండి. ఇక మన జిల్లా పంట చెనక్కాయలు. వేయించి పొట్టు తీసి బరకగా కొట్టిన పొడి మూడు టేబుల్ స్పూన్లు అడుగు పొర మీద పరిచి, దానిమీద పండ్లు పోస్తాను. కారే రసమంతా ఆ పొడి పట్టుకుంటుంది. అంతకన్నా ఎక్కువ వేస్తే చెనక్కాయ రుచే ముందుకొచ్చి యాపిల్ వెనక్కి పోతుంది.

పిండి దగ్గర ఓళిగల (బొబ్బట్ల) అలవాటు పక్కన పెట్టాలి. ఓళిగకి మైదాను నూనె పోసి ఎంత మర్దిస్తే అంత సాగుతుంది. ఇక్కడ సాగడమే శత్రువు. 300 గ్రాముల మైదాలో 150 గ్రాముల చల్లటి వెన్న ముక్కలు వేళ్ల కొసలతో నలిపి, ఐదారు టేబుల్ స్పూన్ల ఐసు నీళ్లతో ముద్ద కూడగానే ఆపేయాలి. ఉప్పున్న బటర్ అయితే వేరే ఉప్పు అక్కర్లేదు. వెన్న 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది, ఏప్రిల్, మేలలో మన వంటిల్లు అంతకన్నా వేడి. ఆ నెలల్లో మైదాను, గిన్నెను కూడా రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి తెల్లవారుజామున పిండి కలుపుతాను. కలిపిన ముద్దకు ఫ్రిజ్‌లో కనీసం అరగంట విశ్రాంతి తప్పనిసరి. నెయ్యితోనూ చేశాను. వెన్నలో ఉండే తేమ ఆవిరై పొరలు లేపుతుంది, నెయ్యిలో ఆ తేమ ఉండదు కాబట్టి పొరలు రావు, నానఖటాయిలా పొడిపొడిగా విరుగుతుంది. వాసన మాత్రం అద్భుతం. పొరలు కావాలంటే వెన్నే.

ఓటీజీ గురించి రెండు మాటలు చాలు. మీటలో చూపించే డిగ్రీలకూ లోపలి వేడికీ తేడా ఉంటుంది, లోపల పెట్టే చిన్న థర్మామీటరు కొనుక్కుంటే ఆ గొడవ తీరిపోతుంది. ఎండాకాలం సాయంత్రాలు మా వీధిలో వోల్టేజీ పడిపోతుంది, పొద్దున్నే కాల్చడం మేలు. గాజు పళ్లెం కన్నా లోహపు పళ్లెంలో అడుగు బాగా కాలుతుంది. ముందే వేడెక్కిన ట్రే మీద, కింది అరలో పెట్టి, 200 డిగ్రీల మీద 20 నిమిషాలు, తర్వాత 180 మీద 35 నుంచి 40 నిమిషాలు. పైపొర రంగు చూసి తీయకండి. పైపొరకు పెట్టిన గాట్ల లోంచి రసం చిక్కగా, బుడగలు బుడగలుగా ఉడుకుతూ కనిపించాలి, అప్పుడే మొక్కజొన్న పిండి పట్టుకున్నట్టు. పైన ముందే మాడుతోందనిపిస్తే ఫాయిల్ కప్పండి. పైకి పొడుచుకొచ్చిన కిస్మిస్ మాడి చేదెక్కుతుంది, పైపొర కప్పేముందే వాటిని లోపలికి నొక్కేయడం మరవద్దు.

తీశాక మూడు గంటలైనా ఆగి కోయాలి. పిల్లలు ఆగరు, నిజమే, కానీ వేడిమీద కోస్తే రసమంతా పళ్లెంలోకి జారుతుంది. నా నోటికి మర్నాడే ఎక్కువ రుచి, అప్పటికి ఎండుపండ్లకు దాల్చిన వాసన పట్టి ఉంటుంది. చలికాలంలో రెండు రోజులు బయట ఉంచినా ఏమీ కాలేదు. వేసవిలో చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు 160 డిగ్రీల మీద పది నిమిషాలు వేడిచేస్తాను. మైక్రోవేవ్‌లో పెడితే పైపొర తోలులా సాగుతుంది.