హిస్టరీ టీచర్లకు ‘50 గంటల సర్టిఫికెట్ కోర్సు’ అని ఫోన్ వస్తే డబ్బులు కట్టకండి

సోషల్ టీచర్లందరికీ నమస్తే. సిగ్గు విడిచి రాస్తున్నా. 3,499 రూపాయలు పోగొట్టుకున్నా.

వేసవి సెలవుల్లో ఫోన్ వచ్చింది. “జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం టీచర్లకు ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలి కదా సార్, మా కోర్సుతో అన్నీ ఒకేసారి అయిపోతాయి, సర్టిఫికెట్ సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కుతుంది” అన్నారు. 50 గంటల మాట ఆ పాలసీలో నిజంగానే ఉంది, అందుకే మిగతాదీ నమ్మేశా. పైగా కోర్సు శాసనాలతో చరిత్ర చెప్పడం మీద. నాకున్న పిచ్చే అది. ఆఫర్ రాత్రి పన్నెండు వరకే అన్నారు, ఫోన్‌పే కొట్టేశా. నెల దాటింది, ఆ ఆఫర్ ఇంకా రోజూ రాత్రి పన్నెండుకే ముగుస్తోంది!

లైవ్ క్లాసులన్నవి రికార్డు వీడియోలు. అదీ మనిషి గొంతు కాదు, మిషన్ చదువుతోంది. ‘క్రీ.శ.’ వచ్చినప్పుడల్లా “క్రీ చుక్క శ చుక్క” అంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి ఒకటే నవ్వు.

ఆ వీడియోలో రామప్ప గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడట. అది వేయిస్తంభాల గుడి సంగతి. రామప్పను 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని మన ఏడో తరగతి పిల్లలే చెప్తారు. దాన్నీ సర్దుకున్నా గానీ చందుపట్ల శాసనం దగ్గర ఒళ్లు మండింది. కాకతీయ రాణి రుద్రమదేవి మరణాన్ని చెప్పే 1289 నాటి తెలుగు శాసనం అది, నకిరేకల్ దగ్గరే. రెండేళ్ల కింద మా పిల్లల్ని తీసుకెళ్లి ఆ రాయి ముందు నిలబెట్టి అక్షరాలు కూడబలుక్కోమన్నా. వీళ్లు స్లైడ్‌లో ఆ పేరు రాసి పెట్టిన ఫొటోలో ఉన్నది నాగరి లిపి! కోర్సు వాళ్ల గ్రూపులో అడిగా. “డౌట్స్ లాస్ట్‌లో తీసుకుంటాం సార్” అని జవాబు. పావుగంటకు నా మెసేజూ లేదు, గ్రూపులో నేనూ లేను.

సర్టిఫికెట్ మాత్రం ఠంచనుగా వచ్చింది. పైన మూడు సింహాల బొమ్మ, కింద నా ఇంటిపేరు తప్పు. ప్రైవేటు వాళ్లు ఆ చిహ్నం వాడకూడదని 2005 నుంచీ చట్టమే ఉంది. ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకు పట్టుకెళ్తే అక్కడి గుమాస్తా గారు చూసి, “ఫ్రేము కట్టించుకోండి సార్” అన్నారు.

శిక్షణే కావాలంటే ప్రభుత్వ దీక్షా యాప్‌లో టీచర్ల కోసం పెట్టిన నిష్ఠా కోర్సులు ఉచితం. హైదరాబాద్‌లో టీచర్లకు మన సంస్కృతి, వారసత్వం మీద శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ కేంద్రం ఉంది. డిపార్ట్‌మెంట్ పంపితే వెళ్లొచ్చు, హెచ్‌ఎం గారి చెవిన వేసి ఉంచండి.

రిఫండ్ అడిగితే, “వీడియోలు సగం చూసేశారు కదా” అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశా, ఇంకా ఏమీ తేలలేదు. మీలో ఎవరైనా కట్టేసి ఉంటే వాళ్ల మెసేజులు, రసీదు ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గ్రూపులోంచి తీసేశాక అక్కడ పెట్టిన హామీలేవీ నా చేతిలో లేవు.