ఒంటరిగా వెళ్తే ఏది మేలు: నల్లమలా, రోళ్లపాడా?

కర్నూలు నుంచి ఒక్కరే బయల్దేరి అడవి జంతువులను చూసి రావాలంటే ఎక్కడికి వెళ్లాలని ఎవరినడిగినా ముందు నల్లమల పేరే చెబుతారు. పెద్దపులి తిరిగే అడవి కదా! నేను మాత్రం, తోడు లేకుండా మొదటిసారి వెళ్లేవాళ్లకు గడ్డిమైదానపు అభయారణ్యం రోళ్లపాడే మేలంటాను. పేరు కోసం పోతే నల్లమల, కళ్లారా చూడాలంటే రోళ్లపాడు.

నల్లమల సంగతి ముందు చూద్దాం. ఉమ్మడి కర్నూలు జిల్లా వైపు నుంచి వెళ్లేవాళ్లకు అటవీశాఖ జంగిల్ క్యాంపులు రెండున్నాయి. ఆత్మకూరు దాటాక బైర్లూటి, నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రోడ్డు మీద పచ్చర్ల. ఉండడానికి చోటు, భోజనం, జీపు సఫారీ అన్నీ అక్కడే. నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 3,000 చదరపు కిలోమీటర్లు దాటిన అడవి. అంత అడవిలో మనం తిరిగేది కొద్దిపాటి జీపు దారి. పులి తిరిగేది ఎక్కువగా రాత్రి. కాబట్టి పులి కనిపిస్తే అదృష్టం, లేకపోతే మామూలే. టికెట్ కొన్నాం కాబట్టి పులి వచ్చి తీరాలనుకునేవాళ్లతో జీపెక్కడమంత నరకం ఇంకోటి లేదు.

అయినా చూడగలిగితే అక్కడ ఉన్నది తక్కువేం కాదు. పక్కన చెంచు గైడ్ ఉంటే అడవి కథే మారిపోతుంది. దారి పక్కన చెదపుట్ట ఒకవైపు తవ్వేసి ఉంటుంది. గట్టిపడిన మట్టి మీద పొడుగాటి గోళ్ల గీతలు లోతుగా దిగి ఉంటాయి. అది ఎలుగుబంటి పని. దానికి పై దవడలో ముందు రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచి చెదలను గాలితో సహా జుర్రుకుంటుంది. ఆ చప్పుడు దూరానికి వినిపిస్తుందని గైడ్ చేసి చూపిస్తే నవ్వొస్తుంది. మట్టి ఇంకా తడిగా ఉందంటే మాత్రం నవ్వు ఆగిపోతుంది. చెట్టు చివర కొండముచ్చు ఒకే తీరుగా అరుస్తుంటే, దుప్పులు తోకలెత్తి ఒకవైపే చూస్తుంటే, చిరుతో పులో దగ్గర్లో ఉన్నట్టే. ఇవన్నీ చదవడం వచ్చిన మనిషి పక్కన లేకపోతే అదే దారి వట్టి చెట్ల వరసలా కనిపిస్తుంది.

ఒంటరివాళ్లకు ఇక్కడ చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. నలుగురు పంచుకోవాల్సిన జీపు ఖర్చు ఒక్కరి మీదే పడితే జేబుకు చిల్లే. బుక్ చేసుకునే ముందే ఫోన్ చేసి, వేరే వాళ్లతో కలిసి జీపెక్కే వీలుందా అని అడగండి. లోపల ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పే వెళ్లండి. ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు పోయే అడవి రోడ్డులో రాత్రిపూట రాకపోకలు ఆపేస్తారు. చీకటి పడ్డాక చేరుకుందాంలే అనుకునేవాళ్లకు అది పెద్ద టెన్షన్.

రోళ్లపాడు దీనికి పూర్తిగా తిరగేసిన చోటు. నందికొట్కూరు దగ్గర గడ్డిమైదానం, విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అంతే. చెట్ల మాటు లేదు, కాబట్టి మొదటిసారి వచ్చినవాళ్లకు కూడా జంతువులు కనిపిస్తాయి. 1988లో దీన్ని అభయారణ్యం చేసింది బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి అది. చుట్టూ కాలువ నీళ్లొచ్చి మెట్ట పంటలు మారిపోయాక క్రమంగా తగ్గిపోయింది. ఇప్పుడు బట్టమేకను చూద్దామని వెళ్తే ఉత్త చేతులతో రావాల్సిందే. బోర్డు మీద బొమ్మ మాత్రం దానిదే.

దాని పేరు మీద కాపాడిన గడ్డిలో కృష్ణజింకలు పెరిగాయి. నల్లటి మగజింక మెలితిరిగిన కొమ్ములు వెనక్కి వాల్చి తన పెంట కుప్ప మీదే దొరలా కూర్చుంటుంది. అది దాని హద్దురాయి. ఇంకో మగది ఆ వైపు వస్తే లేచి తల ఎగరేస్తుంది. చలికాలంలో సాయంత్రం ఇంకో వేడుక. మధ్య ఆసియా నుంచి వచ్చిన పిల్లిగద్దలు పొలాల మీద మిడతల వేట ముగించుకుని, గడ్డిలో నేల మీదే రాత్రి నిద్రకు దిగుతాయి. బైనాక్యులర్ ఉంటే చాలు, గైడ్ లేకపోయినా అర్థమవుతుంది. లోపలికి వెళ్లే ముందు అక్కడి అటవీ సిబ్బంది అనుమతి మాత్రం తీసుకోండి.

కర్నూలు నుంచి నందికొట్కూరు బస్సెక్కి, అక్కడ ఆటో మాట్లాడుకుంటే సరిపోతుంది. ఆటో అతన్ని తిరుగు ప్రయాణానికి కూడా ఆపుకోండి, సాయంత్రం అక్కడ ఇంకో బండి దొరుకుతుందన్న నమ్మకం లేదు. దారిలో రైతులతో మాట్లాడితే జింకల మీద మీకున్నంత ముచ్చట వాళ్లకుండదని తెలుస్తుంది. మొలకెత్తిన పైరు మందకు మేతవుతుంటే రాత్రంతా కాపలా కాసే మనిషి ముందు "ఎంత బాగున్నాయో" అనకండి.

కడప వైపు లంకమల అడవి గురించి కూడా అడుగుతారు. అది కలివికోడి ఊరు. 1848లో బ్రిటిష్ పక్షిశాస్త్రవేత్త జెర్డాన్ లోకానికి చెప్పిన ఈ పక్షి, అంతరించిపోయిందనుకున్నాక 1986లో మళ్లీ అక్కడే దొరికింది. రాత్రి తిరిగే పక్షి, ముళ్లపొదల్లో ఉంటుంది, ఏళ్ల తరబడి వెతికిన నిపుణులకే చిక్కదు. పైగా ఆ చుట్టుపక్కలదంతా ఎర్రచందనం అడవి. సంచి తగిలించుకుని ఒంటరిగా తిరిగే కొత్త మనిషిని ఆపి ప్రశ్నించకుండా ఎవరూ వదలరు. దగ్గర్లోని సిద్దవటం కోట చూసి రండి, కలివికోడిని వదిలేయండి.

అనంతపురం వాళ్లకైతే నడిచి చూడగలిగే చోటు చిలమత్తూరు దగ్గర వీరాపురం. ఊళ్లోని చెట్ల మీదే ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని అక్కడ అందరూ అంటారు కానీ అవి మన దేశపు పక్షులే. అడవి అనుభవం కావాలనుకునేవాళ్లకు ఇది ఆనదు, పిల్లలతో వెళ్లేవాళ్లకు బాగుంటుంది.

నల్లమల, రోళ్లపాడు రెండూ చూడాలనుంటే డిసెంబరులోనో జనవరిలోనో వెళ్లండి. మొదటి సాయంత్రం రోళ్లపాడు, రాత్రి నందికొట్కూరులోనో ఆత్మకూరులోనో బస, మర్నాడు బైర్లూటి. అంతా ఒకే రోడ్డు మీద పని. ఆకు రాలిన ఎండాకాలంలో నీటి గుంటల దగ్గర జంతువులు ఇంకా బాగా కనిపిస్తాయి గానీ మన ఎండలు తట్టుకోగలిగితేనే. వానాకాలంలో సఫారీలు ఆపేస్తారు కాబట్టి జులై నుంచి సెప్టెంబరు దాకా నల్లమల ఊసే వద్దు.