రోటరీ బ్లేడ్ భేష్, పేచీ అంతా మ్యాట్‌తోనే

కంప్యూటర్‌లో గీసిన డిజైన్‌ని కోసిపెట్టే, ఇంట్లో వాడే కటింగ్ మెషిన్ గాలిపటం కాగితాన్ని కోస్తుందా అంటే, శుభ్రంగా కోస్తుంది. కోసిన ముక్కని మ్యాట్ మీంచి, అంటే కాగితం కదలకుండా పట్టుకునే జిగురు పలక మీంచి, చిరగకుండా లేపడమే గగనం. ఇంతకాలం వాడాక నా గొడవంతా ఆ జిగురుతోనే.

మామూలు బ్లేడ్ ఈడ్చుకుంటూ కోస్తుంది. కార్డ్ షీటుకి అది చాలు. పలచటి కాగితం, ఆర్గంజా లాంటివాటిని మాత్రం మలుపు దగ్గర పట్టుకుని ముడత పెట్టేస్తుంది. చిన్న చక్రంలా ఉండే రోటరీ బ్లేడ్ దొర్లుతూ పైనుంచి నొక్కి కోస్తుంది కాబట్టి ఆ లాగుడు ఉండదు. క్రేప్ కాగితం పూలు చేసేవాళ్లకి ఇది వరం. కాగితం మీది సన్నగీతలు రేకు పొడవునా వచ్చేలా పరవాలి, అడ్డంగా పెడితే రేకు వెడల్పుకి సాగదు, దొప్పలా వంగదు.

అయితే 2 సెంటీమీటర్లకంటే చిన్న ఆకారాలు దానికి ఇవ్వకండి. చక్రం తిరగడానికి చోటు చాలక మూలల్లో గీత దాటేస్తుంది. బారసాల బోర్డు మీద పేరు కోయాలంటే మామూలు బ్లేడే గతి. అక్కడ మన లిపితో ఇంకో చిక్కు: ప, స, హ లాంటివాటిలో తలకట్టు విడిగా ఉంటుంది, ఒత్తులూ అంతే. కోయగానే అవి తలోదిక్కు పోతాయి. డిజైన్‌లోనే 2 మిల్లీమీటర్ల అతుకు గీసి కలిపేయడం మేలు.

ఇక మ్యాట్. జిగురు తక్కువ రకమే కొన్నా, కొత్తలో పలచటి కాగితానికి అదీ ఎక్కువే. ఉతికిన నూలుగుడ్డని నాలుగైదుసార్లు అద్ది తీస్తే దారికొస్తుంది. కాగితం పరిచేముందు ఫ్యాన్ ఆపాలి, ఇది ఎవరూ చెప్పరు. కోశాక కాగితాన్ని లాగొద్దు. మ్యాట్‌నే బల్లమీద బోర్లించి, కాగితాన్ని అరచేత్తో అదిమిపట్టి, మ్యాట్‌ని వెనక్కి వంచుతూ ఒలుచుకు రావాలి. కాగితం చదునుగా ఉంటే చిరగదు, చుట్టుకోదు. బట్టలు కోయడానికి వాడే మ్యాట్ జిగురుని వేళ్లతో తాకకండి, చేతి జిడ్డుకే అది చచ్చిపోతుంది. దారప్పోగులు పట్టకారుతో తీయాలి.

సన్న అక్షరాలకి ఇంకో దారి ఉంది. వెనక కాగితం ఉన్న, రెండువైపులా అంటుకునే ఫ్యూజింగ్‌ని (ఇస్త్రీ వేడికి అతుక్కునే గమ్ పొర) ఆవిరి లేని ఇస్త్రీతో ముందే అతికించి, పూర్తిగా చల్లారాక కోయాలి. కాగితానికి బిగువొస్తుంది, మ్యాట్ జిగురు వెనక కాగితానికే తగులుతుంది. వెనక కాగితం ఒలిచి, కావలసినచోట పెట్టి మళ్లీ ఇస్త్రీ చేస్తే సరి. ఆర్గంజా అయితే గమ్ నేతలోంచి పైకి ఊరుతుంది కనుక ఇస్త్రీపెట్టెకీ గుడ్డకీ మధ్యలో బేకింగ్ పేపర్ తప్పనిసరి. గమ్ మెరుపు కాస్త కనపడుతూనే ఉంటుంది, దానికి మందు లేదు.

నా పని ఎక్కువగా పూలు, ఫంక్షన్ అలంకరణలు కాబట్టి రోటరీకి పెట్టిన డబ్బు గిట్టుబాటైంది. వినైల్ స్టిక్కర్లే చేసేవాళ్లకి దాని అవసరం లేదు. ఫాయిల్ వినైల్ వాడితే మాత్రం ట్రాన్స్‌ఫర్ టేపుని (కోసిన స్టిక్కర్‌ని ఎత్తి అతికించే టేపు) కూడా ముందు గుడ్డకి అద్దండి, లేకపోతే పైమెరుపు టేపుతోపాటు ఊడొస్తుంది.