290 గ్రెయిన్ల రాగి బుల్లెట్, 90 గ్రెయిన్ల తుపాకి మందు: రెండు జనవరులు వాడాక

ఒహాయోలో జింకల వేటకి మజిల్‌లోడర్ (మూతిలోంచి మందు, బుల్లెట్ దట్టించే తుపాకి) సీజన్ జనవరి మొదట్లో నాలుగే రోజులు. నేను మూడేళ్ళుగా వెళ్తున్నాను. మొదటి ఏడాది చేతికి దొరికిన బుల్లెట్, మందు వాడి ఒక జింకను రాత్రంతా బాధపెట్టాను. తర్వాత రెండేళ్ళు ఒకటే జోడీ: బార్న్స్ వాళ్ళ స్పిట్‌ఫైర్ టీ-ఈజెడ్ 290 గ్రెయిన్ల బుల్లెట్, దాని వెనక బ్లాక్‌హార్న్ 209 అనే తుపాకి మందు 90 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే ఏమిటో కింద చెప్తాను). తుపాకి సీవీఏ కంపెనీ ఇన్‌లైన్ (ఈ కాలపు రకం మజిల్‌లోడర్), .50 క్యాలిబర్, అంటే బ్యారెల్ లోపలి వెడల్పు అర అంగుళం. బుల్లెట్‌ని తిప్పడానికి బ్యారెల్ లోపల ఉండే మెలిక 28 అంగుళాలకి ఒక చుట్టు. ఈ జోడీకి నేను అయిదుకి అయిదు ఇస్తాను. ఎందుకో వివరంగా రాస్తున్నాను. ఇక్కడ మన తెలుగువాళ్ళలో వేటకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను మొదట అడిగేది "మందు ఎంత పొయ్యాలి?" అనే. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె, నల్లమల అంచు. మా తాతకి పంట కాపలా కోసం లైసెన్సు ఉన్న నాటు తుపాకి ఉండేది. మూతిలోంచి మందు పోసి, పీచు కూరి, గుండ్లు వేసి, మళ్ళీ పీచు పెట్టి కడ్డీతో దట్టించేవాడు. మందు ఎంత అని అడిగితే అరచేతిలో గుండు పెట్టుకుని, అది మునిగేదాకా పొయ్యమనేవాడు. ఆ తుపాకికి, ఆ మందుకి ఆ లెక్క సరిపోయేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అక్కడ వేట నేరం. ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి, లైసెన్సు, జింక పర్మిట్ తీసుకుని నేను మొదటిసారి తుపాకి దట్టించినప్పుడు తాత చేతులే గుర్తొచ్చాయి.

మొదటి ఏడాది నేను చేసింది ఇది. యాభై గ్రెయిన్ల మందు బిళ్ళలు మూడు, అంటే మొత్తం 150. నా తుపాకి మాన్యువల్ అంతవరకు ఒప్పుకుంటుంది కాబట్టి ఎక్కువ పోస్తే జింక త్వరగా పడుతుందనుకున్నాను. దాని మీద పల్చటి రాగి పూత ఉన్న మెత్తని సీసం బుల్లెట్. కంపెనీ పేరు చెప్పను, తప్పు దానిది కాదు. కొషోక్టన్ కౌంటీలో వుడ్‌బరీ వైల్డ్‌లైఫ్ ఏరియా, సాయంత్రం నాలుగున్నర, నలభై గజాల దూరంలో ఆడ జింక. సరిగ్గా రెక్క ఎముక మీద తగిలింది. జింక మోకాళ్ళ మీదికి వంగి, లేచి పరుగెత్తింది. అక్కడికి వెళ్ళి చూస్తే నాలుగు వెంట్రుకలు, ఒక్క చుక్క రక్తం. అంతే. మా పక్కింటి పెద్దాయన, యాభై ఏళ్ళుగా వేటాడుతున్న మనిషి, నాతో పాటు టార్చిలైటు పట్టుకుని రాత్రి పదకొండు దాకా తడి ఆకుల మీద వెతికాడు. దొరకలేదు. పొద్దున మూడు వందల గజాల అవతల ముళ్ళపొదలో కనిపించింది. కడుపు మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. అంటే రాత్రి చాలాసేపు బతికే ఉండి ఉంటుందన్నమాట. ఆ వెచ్చదనం నా అరచేతికి ఇప్పటికీ గుర్తే.

కోసి చూస్తే విషయం తెలిసింది. మెత్తని సీసం అంత దగ్గర్లో, అంత వేగంతో ఎముకకి తగిలి పైపైనే చితికిపోయింది. రెక్క మాంసమంతా గడ్డకట్టిన రక్తం, సీసం తునకలు. లోపలికి పోయింది చిన్న ముక్క. అవతలి పక్కకి రంధ్రమే లేదు, అందుకే రక్తం చార లేదు. అప్పుడు పెద్దాయన అన్నమాట నేను వదల్లేదు: "ముందు బుల్లెట్ తేల్చుకో. ఆ బుల్లెట్‌కి ఎంత వేగం సరిపోతుందో అంతే మందు పొయ్యి."

అందుకని బుల్లెట్ సంగతి ముందు. టీ-ఈజెడ్ మొత్తం రాగి, సీసం అసలు లేదు. బుల్లెట్ వెడల్పు .451 అంగుళాలు, బ్యారెల్ .50. మధ్య ఖాళీని సాబో అనే ప్లాస్టిక్ కప్పు నింపుతుంది. బ్యారెల్ మెలికని పట్టుకుని బుల్లెట్‌ని తిప్పేది అదే. బయటికి రాగానే విడిపోయి కింద పడిపోతుంది. జింకకి తగిలినప్పుడు బుల్లెట్ ముక్కు ఆరు రేకులుగా విచ్చుకుంటుంది కానీ తునకలు కాదు, బరువు దాదాపు అలాగే ఉంటుంది. నీళ్ళు నింపిన గ్యాలన్ క్యాన్లు వరసగా పెట్టి కాల్చి, ఒకటి ఏరి తెచ్చాను. మందార పువ్వు తిరగేసినట్టు రేకులు వెనక్కి మడిచి ఉన్నాయి. నా టేబుల్ మీదే ఉంది.

రాగి ఎంచుకోవడానికి ఇంకో కారణం మా వంటిల్లు. 2008లో నార్త్ డకోటాలో ఉచిత ఆహార కేంద్రాలకి వేటగాళ్ళు ఇచ్చిన జింక మాంసంలో సీసం తునకలు బయటపడితే, ఆ మాంసం పంచొద్దని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. ఎక్స్‌రేలో తప్ప కంటికి కనిపించనంత చిన్న తునకలు కూడా ఉంటాయి. మా పిల్లలు ఆ కూర తింటారు. ఈ ఒక్క కారణానికే నేను సీసం మానేసేవాణ్ణి.

ఇక మందు. ఇక్కడే చాలామంది పొరబడతారు. బుల్లెట్ 290 గ్రెయిన్లు అంటే బరువు, దాదాపు 18.8 గ్రాములు. మందు 90 గ్రెయిన్లు అంటే బరువు కాదు, కొలపాత్ర లెక్క. పాతకాలపు తుపాకి మందు ఆ పాత్రలో ఎంత పడుతుందో దాని ప్రకారం గీతలు గీశారు. బ్లాక్‌హార్న్ తేలికైన మందు. పాత్రలో 90 గీత దాకా పోస్తే త్రాసు మీద సుమారు 63 గ్రెయిన్లే తూగుతుంది. ఎవరైనా త్రాసు మీద 90 తూచి పోస్తే అది పాత్ర లెక్కలో 128 దాటుతుంది. కంపెనీ పెట్టిన గరిష్ఠ పరిమితి 120. కాబట్టి ఎవరైనా మీకు లోడ్ చెప్తే "పాత్ర లెక్కా, త్రాసు లెక్కా?" అని తప్పకుండా అడగండి. ఇంకోటి, మామూలు రైఫిల్ తూటాల్లో వాడే స్మోక్‌లెస్ మందు ఇలాంటి తుపాకిలో పొరపాటున కూడా పొయ్యకూడదు. బ్యారెల్ పేలిపోతుంది. సీసా నుంచి నేరుగా బ్యారెల్‌లోకి వంచడమూ వద్దు. లోపల ఒక్క నిప్పురవ్వ మిగిలి ఉన్నా సీసా మొత్తం చేతిలోనే అంటుకుంటుంది.

లోడ్ తేల్చుకోవడానికి ఒహాయోలోనే ఉన్న డెలావేర్ వైల్డ్‌లైఫ్ ఏరియాలోని షూటింగ్ రేంజికి నాలుగు శనివారాలు వెళ్ళాను. 80తో మొదలుపెట్టి పదేసి పెంచుతూ, ఒక్కో కొలతకి మూడేసి గుళ్ళు, దూరం 100 గజాలు. 80కి మూడూ రెండున్నర అంగుళాల్లో పడ్డాయి. 90కి అంగుళంన్నర లోపు, రెండు రంధ్రాలు ఒకదాన్నొకటి తాకాయి. 100కి రెండు అంగుళాలు. 110కి నాలుగు అంగుళాలు దాటింది, భుజం నొప్పి అదనం.

110కి ఎందుకు చెదిరిందో కింద పడిన సాబోలు చెప్పాయి. 90 గ్రెయిన్లతో కాల్చినవి ఏరి చూస్తే రెక్కలన్నీ ఒకేలా, అరటిపండు తొక్క ఒలిచినట్టు వెనక్కి మడిచి ఉన్నాయి. 110తో కాల్చిన వాటిలో రెండింటికి ఒక రెక్క మొదట్లోనే చిరిగింది, అడుగు కూడా కాస్త కాలింది. రెక్క చిరిగితే బుల్లెట్ ఒక పక్కకి తూలుతుంది. రేంజికి వెళ్ళినవాళ్ళు టార్గెట్ ఒక్కటే చూసుకుని వచ్చేస్తారు. కింద పడిన ప్లాస్టిక్ ముక్కలు కూడా ఏరుకుని చూడండి.

ఒకసారి కొలత కుదిరాక, ర్యామ్‌రాడ్ (బుల్లెట్ దట్టించే కడ్డీ) మీద బ్యారెల్ మూతి దగ్గర బ్లేడుతో చిన్న గీత పెట్టుకున్నాను. ప్రతిసారీ బుల్లెట్ దించాక ఆ గీత సరిగ్గా మూతికి రావాలి. పైకి ఉంటే బుల్లెట్ మందు మీద కూర్చోలేదన్నమాట. మధ్యలో ఖాళీతో కాలిస్తే బ్యారెల్‌కే ప్రమాదం.

రెండో జనవరిలో మంచు పడింది. రాత్రి తుపాకిని ఇంట్లోకి తేలేదు, మందుని అంటించే ప్రైమర్ తీసేసి చల్లటి గ్యారేజీలోనే తాళం వేసి పెట్టాను. వెచ్చటి ఇంట్లోకి తెస్తే లోపల చెమ్మ పట్టి మందు పాడవుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకి డెబ్బై గజాల్లో ఆడ జింక అడ్డంగా నిలబడింది. ఈసారి రెక్క మీద కాదు, వెనక ఊపిరితిత్తుల మీద గురి. పొగ తేలేసరికి జింక కనబడలేదు. గుండె దడదడలాడింది. నడిచి వెళ్తే మంచు మీద రెండు పక్కలా ఎర్రటి చార. నలభై గజాల్లో పడి ఉంది. అవతలి పక్క రంధ్రం రూపాయి బిళ్ళంత. మాంసం పాడైంది ఒక గుప్పెడు కూడా లేదు. ఈ జనవరిలోనూ అంతే, అది ముప్పై గజాలు కూడా పోలేదు.

ఈ జోడీ అందరికీ కుదరదు. కొలరాడోలో మజిల్‌లోడర్ సీజన్‌కి సాబోలు, మందు బిళ్ళలు నిషేధం. అక్కడికి వెళ్ళేవాళ్ళు వేరే బుల్లెట్ చూసుకోవాలి. గుడ్డముక్కలో చుట్టి సీసం గుండు కాల్చే పాతకాలపు తుపాకులకి, మెలిక 66 అంగుళాలకి ఒక చుట్టు ఉండేవాటికి, ఇంత పొడుగు బుల్లెట్ నిలకడగా తిరగదు. బ్లాక్‌హార్న్ అంటుకోవాలంటే 209 షాట్‌గన్ ప్రైమర్ కావాలి, చిన్న టోపీ ప్రైమర్ల తుపాకులకి పనికిరాదు. శుభ్రం చెయ్యడానికి నీళ్ళు చాలవు, మామూలు తుపాకి సాల్వెంట్ వాడాలి. బ్రీచ్ ప్లగ్ (బ్యారెల్ వెనక కొసని మూసే బిరడా) లోపల ప్రైమర్ నిప్పు వెళ్ళే సన్నని దారిలో మసి గట్టిపడుతుంది. పది గుళ్ళకోసారి సన్న డ్రిల్ బిట్‌ని చేత్తో తిప్పి గీకేస్తాను, మెషిన్ పెట్టను.

ధర ఎక్కువే. బుల్లెట్ ఒక్కోటి నాకు డాలరున్నర పైన పడింది. మందు సీసా 10 ఔన్సులే, అంటే 4375 గ్రెయిన్లు, నా కొలతకి 69 గుళ్ళు. రేంజిలో ఏడాదికి పాతిక, అడవిలో ఒకటో రెండో. నాకు ఒక సీసా రెండు సీజన్లు దాటి వచ్చింది. ఇప్పుడు అడుగున అయిదారు గుళ్ళకి సరిపడా మిగిలింది. కొత్త సీసా తెచ్చాక, 90తో మూడు గుళ్ళు మళ్ళీ కాగితం మీద కాల్చి చూసుకున్నాకే వుడ్‌బరీకి వెళ్తాను.