ఇరుక్కున్న పవర్ యాంటెన్నా: రాడ్ మారుద్దామా, మామూలుది బిగిద్దామా?

విశాఖ బీచ్ దగ్గర లాసన్స్ బే కాలనీలో మా బాబాయి పాత కారు ఎప్పుడూ ఆరుబయటే ఉంటుంది. ఆ ఉప్పుగాలికి, రేడియో వేస్తే మోటారుతో దానంతటదే పైకి లేచే పవర్ యాంటెన్నా సగం లేచి ఆగిపోయింది. రేడియో వేస్తే ఫెండర్ లోపల మోటారు గరగరమంటుంది, రాడ్ మాత్రం కదలదు.

ఆ చప్పుడే ముఖ్యం. మోటారు తిరుగుతోందంటే, చాలావరకు రాడ్‌ని పైకి నెట్టే లోపలి నైలాన్ తీగ పళ్లు అరిగాయనో, తీగే తెగిందనో అర్థం. అప్పుడు రాడ్, తీగ కలిసిన సెట్ మారిస్తే చాలు. పైన నట్ విప్పి రేడియో ఆన్ చేస్తే మోటారు పాతదాన్ని నెట్టగలిగినంత బయటికి నెడుతుంది, మిగతాది చేత్తో లాగాలి. కొత్త తీగను పళ్లు గేరు వైపు ఉండేలా దించి పట్టుకుంటే, ఇంకొకరు రేడియో ఆపగానే లోపలికి లాక్కుంటుంది. (మా ఇంట్లో ఆ ఇంకొకరు పిన్నే.) తెగిన ముక్క లోపలే ఉండిపోతే మాత్రం మోటారు విప్పక తప్పదు.

చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు చూడాలి. నీళ్లు దిగే గొట్టం మూసుకుపోయి మోటారు తుప్పు పట్టి ఉంటే, నేనైతే మామూలు రాడ్ యాంటెన్నాకే ఓటేస్తాను. ఎఫ్‌ఎంకి సుమారు 75 సెంటీమీటర్ల రాడ్ చాలు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవులో అది నాలుగో వంతు. కదిలే భాగాలు లేవు కాబట్టి బీచ్ గాలికి టెన్షన్ తక్కువ. కాకపోతే కారుకి కవర్ వేసేటప్పుడు అడ్డం, పిల్లలు వంచేస్తారు కూడా. పాత మోటారు వైర్లు విప్పి టేపు చుట్టడం మర్చిపోవద్దు.

బాబాయి రాడ్ సెట్టే వేయించారు. రేడియో వేయగానే అది లేవకపోతే ఆయనకి కారెక్కినట్టే ఉండదట. వారానికోసారి పొడిగుడ్డతో తుడుస్తున్నారు. నూనె మాత్రం నేను పూయనివ్వలేదు, ఇసుకంతా దానికే అంటుకుంటుంది.